రీబూట్ అయితే రిమోట్ డెస్క్‌టాప్ సెట్టింగ్స్ అన్నీ మొదటికొస్తున్నాయి (డెబియన్ 12 లినక్స్, ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్)

కొబ్బరాకు (#1)
విసుగొచ్చేసింది. అమలాపురం దగ్గర మా ఇంట్లో ఒక పాత డెస్క్‌టాప్ ఉంది. నేను ఉండేది పుణెలో. తాతగారు బైండు చేయించి దాచిన పాత పత్రికల్ని పగలు నాన్న స్కాన్ చేస్తారు. రాత్రి నేను వైర్‌గార్డ్ వీపీఎన్ మీదుగా ఎక్స్‌ఆర్‌డీపీతో (రిమోట్ డెస్క్‌టాప్) ఆ మెషిన్‌లోకి వెళ్లి, పేజీలు సరిచేసి టెసరాక్ట్‌కి (బొమ్మలోని అక్షరాల్ని టెక్స్ట్‌గా మార్చే ప్రోగ్రాం) ఇస్తాను. రెండు నెలలు బాగానే నడిచింది.

ఇప్పుడు మెషిన్ రీబూట్ అయిందంటే చాలు, టెర్మినల్ ఫాంట్ చీమంత అయిపోతుంది. ఫైర్‌ఫాక్స్ అన్నిటికీ మళ్లీ లాగిన్ అడుగుతుంది, బుక్‌మార్కులు ఉండవు. తెలుగు కీబోర్డు మాయం. మళ్లీ కూర్చుని అన్నీ పెట్టుకోవడం, అవి మళ్లీ పోవడం. ఇది మూడోసారి. స్కాన్లకి మాత్రం ఏమీ కాలేదు, అవి వేరే డిస్క్‌లో /డేటా అనే చోట ఉన్నాయి. మానిటర్ లేదు, ఒట్టి సీపీయూ. ఎక్కడ మొదలుపెట్టి వెతకాలి?

రూట్‌మహారాజు (#2)
ఎప్పుడైనా సుడో పెట్టి (అంటే రూట్, అడ్మిన్ హక్కులతో) ఏదైనా గ్రాఫికల్ ప్రోగ్రాం తెరిచారా? అలా చేస్తే హోమ్‌లోని (మీ సొంత ఫైళ్లూ సెట్టింగ్సూ ఉండే చోటు) డాట్ కాన్ఫిగ్ ఫోల్డర్‌లో కొన్ని ఫైళ్లు రూట్ పేరు మీదకి పోతాయి. తర్వాత మీరేం మార్చినా ఆ సెషన్ వరకే కనిపిస్తుంది, డిస్క్ మీద రాసే హక్కు మీకు ఉండదు కాబట్టి రీబూట్‌తో పోతుంది. ఎల్‌ఎస్ మైనస్ ఎల్‌ఏ కొట్టి యజమాని ఎవరో చూడండి. నూటికి తొంభై కేసులు ఇవే.

చెక్కపెంగ్విన్ (#3)
నూటికి తొంభై అని మహారాజు ప్రతి థ్రెడ్‌లోనూ అంటాడు. మిగతా పది ఏంటో ఇంతవరకు చెప్పలేదు.

కొబ్బరాకు (#4)
చూశాను. అన్నీ నా పేరు మీదే ఉన్నాయి. రూట్ పేరు ఎక్కడా లేదు.

మానుకోట_మౌళి (#5)
నాకు ఇట్లనే అయింది, కాకపోతే నాది రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్. ఊళ్లో మా అన్న షాపులో బిల్లింగ్ కోసం పెట్టిన. కరెంటు పోయి వచ్చుడుకి ఎస్‌డీ కార్డు రెండుసార్లు ఖరాబైంది. ఎవరో చెప్తే రాస్పీ కాన్ఫిగ్‌లో ఓవర్‌లే ఫైల్‌సిస్టమ్ ఆన్ చేసిన. దాని పని ఏందంటే, కార్డు మీద ఒక్క అక్షరం కూడా రాయనియ్యదు. రాసేదంతా ర్యామ్‌లోకి పోతది. కార్డు పదిలం. కానీ స్విచ్ ఆపితే ఆ రోజు చేసిందంతా గోవిందా.

నేను ఆన్ చేసిన సంగతి నేనే మర్చిపోయిన. మూడు నెలల తర్వాత అన్న ఫోన్ చేసి "నిన్న ఎక్కించిన కొత్త రేట్లు ఇయ్యాల లేవురా" అన్నడు. వారం రోజులు ఆ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌నే తిట్టుకున్న.

అందుకే ముందుగాల ఒక చిన్న పరీక్ష చెయ్యి. హోమ్‌లో ఒక ఖాళీ ఫైల్ పెట్టి, రీబూట్ చేసి చూడు. ఫైల్ ఉంటే డెస్క్‌టాప్ తప్పు. ఫైలే లేకపోతే డెస్క్‌టాప్‌ని అనకు, రోగం కింద డిస్క్‌ల ఉంది.

డిస్క్‌దాసు (#6)
మౌళి పరీక్ష మంచిదే. దాంతోపాటు డీఎఫ్ మైనస్ హెచ్ కూడా కొట్టండి. డిస్క్ నిండినా ఇదే లక్షణం. ఎక్స్‌ఎఫ్‌సీఈ సెట్టింగ్స్ దాచే ప్రోగ్రాం (ఎక్స్‌ఎఫ్‌కాన్ఫ్‌డీ) పక్కన కొత్త ఫైల్ రాసి పాతదాని స్థానంలో పెడుతుంది. కొత్త ఫైల్‌కి చోటు లేకపోతే పాతదే మిగులుతుంది. మా ఆఫీసులో ఒకాయన ట్రాష్‌లో 60 జీబీ సినిమాలు ఉంచి, వాల్‌పేపర్ నిలవట్లేదని టికెట్ పెట్టాడు.

కొత్తబిచ్చగాడు (#7)
మొత్తం హోమ్‌కి సీహెచ్‌మాడ్ 777 కొట్టెయ్యండి. ఏ గొడవా ఉండదు.

రూట్‌మహారాజు (#8)
@కొత్తబిచ్చగాడు ఆ సలహా వెనక్కి తీసుకోండి. హోమ్ అందరూ రాసేలా ఉంటే ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి టెర్మినల్‌లోకి లాగిన్ అయ్యే దారి) ఆ యూజర్ కీలని నమ్మదు. ఆవిడ ఉన్నది పుణెలో, మెషిన్ ఉన్నది కోనసీమలో. కీ పని చెయ్యకపోతే బస్సెక్కుతుందా?

కొబ్బరాకు (#9)
777 కొట్టలేదు, కంగారు పడకండి. డిస్క్ 41 శాతమే నిండింది. ఖాళీ ఫైల్ పెట్టి రీబూట్ చేశాను. ఫైల్ ఉంది! సెట్టింగ్స్ కూడా ఉన్నాయి. ఏమీ పోలేదు. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లగానే పిల్లాడికి జ్వరం తగ్గినట్టుంది.

మహారాజు గారు ఎస్‌ఎస్‌హెచ్ అన్నారు కాబట్టి గుర్తొచ్చింది. ఈమధ్య కీ ఉన్నా ఒక్కోసారి పాస్‌వర్డ్ అడుగుతోంది. దీనికీ దానికీ సంబంధం ఉందో లేదో.

టెర్మినల్‌తాత (#10)
ఎక్స్‌ఆర్‌డీపీ పెట్టినప్పుడు నల్ల తెర వచ్చిందా, దానికి ఏదైనా వీడియో చూసి స్టార్ట్‌డబ్ల్యూఎం ఫైల్‌లో (సెషన్ మొదలవ్వగానే నడిచేది) రెండు అన్‌సెట్ లైన్లు చేర్చారా? డీబస్ (ప్రోగ్రాంలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారి) సెషన్ అడ్రస్‌దొకటి, రన్‌టైమ్ డైరెక్టరీది ఒకటి. నల్ల తెరకి అది అందరూ చెప్పే చిట్కా. కానీ అక్కడ చెయ్యి పెట్టినప్పుడు సెషన్‌కి డీబస్ సరిగ్గా అందకుండా పోయే ప్రమాదం ఉంది. సెట్టింగ్స్ దాచేది ఎక్స్‌ఎఫ్‌కాన్ఫ్ అయినా, డీకాన్ఫ్ అయినా డీబస్ లేకపోతే చెవిటిదే. డీకాన్ఫ్ మీద ఆధారపడే జీసెట్టింగ్స్ అయితే, అది దొరకనప్పుడు మెమరీ బ్యాకెండ్‌కి మారి, మీ సెట్టింగ్స్ దాచబడవు అని టెర్మినల్‌లో ఒక హెచ్చరిక పడేసి ఊరుకుంటుంది. ఆ హెచ్చరిక ఎవరు చదువుతారు.

కొబ్బరాకు (#11)
తాతగారూ, మీరు నా వెనకాల కూర్చుని చూసినట్టు చెప్పారు. ఆ రెండు లైన్లూ ఉన్నాయి! తీసేశాను. మానిటర్ లేదు కాబట్టి ఆ యూజర్‌కి వేరే సెషన్ ఏదీ లేదు, నల్ల తెర కూడా రాలేదు. రెండుసార్లు రీబూట్ చేశాను. అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. అయిపోయింది. అందరికీ పూతరేకులు.

చెక్కపెంగ్విన్ (#12)
పూతరేకులు ఆత్రేయపురంవేనా? బెల్లంవి.

మానుకోట_మౌళి (#13)
ఒక్క మాట. లైన్లు తియ్యకముందు చేసిన రీబూట్‌ల కూడా ఏం పోలేదు కదా (#9 చూడు). మరి లైన్లు తీసుడుతోనే బాగైందని ఎట్లంటవ్?

చెక్కపెంగ్విన్ (#14)
మౌళీ, పెళ్లిలో ఈ మాటలెందుకు. ముందు రేకులు రానీ.

కొబ్బరాకు (#15)
మౌళి గారి నోటి చలవ. రెండు రోజులు బాగుంది, ఇవాళ పొద్దున మళ్లీ పోయాయి. చీమ ఫాంటు, లాగిన్లు, అన్నీ. నాకు ఏడుపొస్తోంది. గ్నోమ్ డెస్క్‌టాప్‌కి మారిపోనా?

రూట్‌మహారాజు (#16)
కేడీఈకి మారండి.

డిస్క్‌దాసు (#17)
ఇద్దరూ ఆగండి. ఇల్లు కురుస్తుంటే కర్టెన్లు మారుస్తారా?

మానుకోట_మౌళి (#18)
నీ నోటి చలవ అంటే అను గని, ఒక్కటి చెప్పు. ఇయ్యాల పొద్దున రీబూట్ చేసింది ఎవరు? నువ్వా?

కొబ్బరాకు (#19)
నేను కాదు. రాత్రి ఊళ్లో కరెంటు పోయింది. వచ్చాక దానంతటదే ఆన్ అయింది, బయాస్‌లో అలా పెట్టి ఉంది.

...ఆగండి. నాలుగుసార్లూ కరెంటు పోయినప్పుడే! నేను రీబూట్ కొట్టినప్పుడు ఒక్కసారీ పోలేదు.

ఇంకో వింత. మొదటిసారి పోయినప్పుడు వాల్‌పేపర్‌గా గోదారి ఫొటో పెట్టాను. ఆ వారంలోనే అప్‌డేట్లు వేసి రీబూట్ చేస్తే గోదారి పోయి, అంతకుముందు ఎప్పుడో పెట్టిన కొబ్బరితోట ఫొటో వచ్చింది. ఫైర్‌ఫాక్స్ లాగిన్లు కూడా వాటంతటవే తిరిగొచ్చాయి. సరేలే అనుకున్నాను. ఇవాళ చూస్తే మళ్లీ గోదారి!

టెర్మినల్‌తాత (#20)
అమ్మా, ఈ ముక్క మొదటి పోస్ట్‌లో చెప్పి ఉంటే నేను డీబస్ పురాణం విప్పేవాణ్ని కాదు. మీ సెట్టింగ్స్ ఎక్కడికీ పోవడం లేదు. మీకు రెండు ఇళ్లున్నాయి. ఒకరోజు ఒక ఇంట్లో లేస్తున్నారు, ఇంకోరోజు ఇంకో ఇంట్లో లేస్తున్నారు. గోదారి ఒక ఇంటి గోడ మీద ఉంది, కొబ్బరితోట రెండో ఇంటి గోడ మీద.

ఇప్పుడు రీబూట్ చెయ్యకుండా మూడు పనులు చెయ్యండి. ఫైండ్‌మౌంట్ /హోమ్ కొట్టండి (/హోమ్ చోట ఏ డిస్క్ తగిలించి, అంటే మౌంట్ అయి, ఉందో చెబుతుంది). డాట్ బాష్ హిస్టరీ ఫైల్‌లో (మీరు టెర్మినల్‌లో కొట్టిన కమాండ్ల జాబితా) ఎన్ని వరుసలున్నాయో లెక్కపెట్టండి. ఎల్‌ఎస్‌బీఎల్‌కే కొట్టి ఉన్న డిస్కులన్నీ చూడండి. తర్వాత రీబూట్ చేసి, అవే మూడూ మళ్లీ చేసి, రెండూ ఇక్కడ పెట్టండి.

చెక్కపెంగ్విన్ (#21)
పెద్దిల్లు, చిన్నిల్లు. కోనసీమ సీపీయూ కూడా అలవాట్లు నేర్చింది.

రూట్‌మహారాజు (#22)
ఎస్‌ఎస్‌హెచ్ కీ కొన్నిసార్లు పని చెయ్యకపోవడానికీ ఇదే కారణం అయ్యుండాలి. కీల ఫైల్ ఉండేది హోమ్‌లోనే. చిన్నింట్లో ఆ ఫైల్ లేదు, కాబట్టి పాస్‌వర్డ్ అడుగుతోంది. #9లోనే ఆవిడ చెప్పింది, మనమే పట్టించుకోలేదు.

కొబ్బరాకు (#23)
ఇప్పుడు: ఫైండ్‌మౌంట్ ఏమీ చూపించలేదు. హిస్టరీ 38 వరుసలు. ఎల్‌ఎస్‌బీఎల్‌కేలో 120 జీబీ ఎస్‌ఎస్‌డీ, 1 టీబీ లోపలి డిస్క్, 2 టీబీ యూఎస్‌బీ డిస్క్ ఉన్నాయి. 2 టీబీది ఎక్కడా మౌంట్ అయి లేదు.

రీబూట్ తర్వాత: ఫైండ్‌మౌంట్‌లో /హోమ్ ఎదురుగా ఆ 2 టీబీ డిస్క్ వచ్చింది! హిస్టరీ 870 చిల్లర. కొబ్బరితోట ప్రత్యక్షం. #9లో పెట్టిన ఖాళీ ఫైల్ కూడా ఇక్కడ ఉంది, పొద్దున ఉన్న ఇంట్లో లేదు.

ఒళ్లు జలదరించింది. ఆ డిస్క్ బ్యాకప్ కోసం అనుకున్నాను ఇన్నాళ్లూ. మెషిన్ సెట్ చేసింది మా బాబాయి కొడుకు. వాడికి ఫోన్ చేస్తే "ఎస్‌ఎస్‌డీ చిన్నది కదక్కా, హోమ్ దానిమీద పెట్టాను, చెప్పలేదా?" అన్నాడు. చెప్పలేదు.

ఎఫ్‌స్టాబ్‌లో (ఏ డిస్క్ ఎక్కడ మౌంట్ అవ్వాలో రాసే ఫైల్) /హోమ్ లైన్ చివర నోఫెయిల్ అని, డివైస్ టైమౌట్ 5 సెకన్లు అని ఉంది.

టెర్మినల్‌తాత (#24)
దొరికింది. ఏం జరుగుతోందో వివరంగా చెబుతాను, రేపు ఇంకెవరికైనా పనికొస్తుంది.

డెబియన్ ఇన్‌స్టాల్ చేసినప్పుడు మీ యూజర్ ఎస్‌ఎస్‌డీ మీదే తయారైంది. అంటే అక్కడ ఒక హోమ్ ఫోల్డర్ పుట్టింది. తర్వాత మీ తమ్ముడు 2 టీబీ డిస్క్‌ని /హోమ్ మీద మౌంట్ చేశాడు. ఒక డిస్క్‌ని ఒక ఫోల్డర్ మీద మౌంట్ చేస్తే కింద ఉన్నది చెరిగిపోదు, దుప్పటి కింద మంచంలా కనిపించకుండా ఉంటుంది, అంతే. దుప్పటి తీస్తే మంచం అలాగే ఉంటుంది.

ఇక కరెంటు సంగతి. ఆ పెద్ద యూఎస్‌బీ డిస్క్‌కి సొంత అడాప్టర్ ఉంటుంది. కరెంటు పోయి వచ్చినప్పుడు డిస్క్ ఆగిన చోటునుంచి మళ్లీ తిరిగి వేగం అందుకోవాలి. ఎస్‌ఎస్‌డీ మీదున్న సిస్టమ్ ఈలోగా బూట్ అయిపోయి, డిస్క్ కోసం 5 సెకన్లు చూసి, రాకపోయేసరికి వదిలేస్తోంది. నోఫెయిల్ ఉంది కాబట్టి ఆగకుండా ముందుకెళ్లిపోతోంది. డిస్క్ ఆ తర్వాత వస్తుంది, అందుకే ఎల్‌ఎస్‌బీఎల్‌కేలో కనిపించింది. కానీ అప్పటికి రైలు వెళ్లిపోయింది. మీరు రీబూట్ కొట్టినప్పుడు అడాప్టర్‌కి కరెంటు ఆగదు, డిస్క్ తిరుగుతూనే ఉంటుంది, టైముకి అందుకుంటుంది. కరెంటు పోయిన రోజు బూట్ జర్నల్ చూడండి. డివైస్ కోసం ఎదురుచూసి టైమౌట్ అయిందని ఒక లైను, వెంటనే /హోమ్‌కి డిపెండెన్సీ ఫెయిల్ అని ఇంకో లైను ఉండాలి.

కొబ్బరాకు (#25)
ఉన్నాయి. రెండూ, ఒకదాని కింద ఒకటి. నాలుగు తేదీల్లోనూ.

కొత్తబిచ్చగాడు (#26)
అయితే నోఫెయిల్ తీసేస్తే సరి కదా?

రూట్‌మహారాజు (#27)
ఈసారి ప్రశ్న బాగుంది కానీ జవాబు కాదు. నోఫెయిల్ తీసేస్తే, డిస్క్ రాని రోజు సిస్టమ్ ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోతుంది. నెట్‌వర్క్ రాదు, ఎస్‌ఎస్‌హెచ్ రాదు. మానిటర్ లేని సీపీయూ ముందు వాళ్ల నాన్నగారు నిలబడి పుణెకి ఫోన్ చెయ్యాలి. దూరంగా ఉన్న మెషిన్‌కి నోఫెయిల్ ఉండాల్సిందే. టైమౌట్ ఎక్స్‌ట్రా ఆప్షన్ తీసేస్తే మామూలుగా ఉండే 90 సెకన్లకి వెళ్తుంది, అది చాలు.

డిస్క్‌దాసు (#28)
చాలదు. నోఫెయిల్ ఉన్నంతకాలం, ఏదో ఒక రోజు డిస్క్ అసలే రాకపోతే మళ్లీ చిన్నింట్లోనే తేలుతుంది, తెలియకుండా. తెలియకపోవడమే ఇక్కడ అసలు ప్రమాదం. ఎక్స్‌ఆర్‌డీపీ సర్వీసుకీ, దాని సెస్‌మాన్‌కీ (సెషన్ మేనేజర్) సర్వీసుల్ని నడిపే సిస్టమ్‌డీలో ఒక చిన్న డ్రాప్‌ఇన్ (అదనపు సెట్టింగ్ ఫైల్) పెట్టి రిక్వైర్స్‌మౌంట్స్‌ఫర్ /హోమ్ అని రాస్తే, హోమ్ మౌంట్ కాని రోజు డెస్క్‌టాప్ తెరుచుకోదు. ఎస్‌ఎస్‌హెచ్ మాత్రం వస్తుంది. ఏదో తేడా అని అప్పుడే తెలిసిపోతుంది. ఎస్‌ఎస్‌హెచ్ కీల ఫైల్‌ని చిన్నింట్లో కూడా ఒకటి పెట్టుకోవాలి.

కానీ నన్నడిగితే ఇదంతా ఎందుకు? హోమ్ ఎంత సైజు ఉంది?

కొబ్బరాకు (#29)
7 జీబీ. అందులో సగం ఫైర్‌ఫాక్సే. పనంతా /డేటాలో కదా.

డిస్క్‌దాసు (#30)
7 జీబీ కోసం 2 టీబీ డిస్క్, దానికొక అడాప్టర్, దానికొక టైమౌట్, మన 30 పోస్టులు. ఎస్‌ఎస్‌డీ మీదకి తెచ్చెయ్యండి.

మానుకోట_మౌళి (#31)
దాసన్న మాటే నా మాట.

కొబ్బరాకు (#32)
తెస్తాను. కానీ ఎలా? డిస్క్ మౌంట్ అయి ఉంటే కింద ఉన్నది కనబడదు, తీసేస్తే పైనుంచి కాపీ చెయ్యలేను. చిన్నింటిని అలాగే దాచాలని కూడా ఉంది, అందులో రెండు మూడు కొత్త ఫైర్‌ఫాక్స్ పాస్‌వర్డ్లు పెట్టాను.

టెర్మినల్‌తాత (#33)
మౌంట్ తియ్యక్కర్లేదు. బైండ్ మౌంట్ అని ఒకటుంది. మౌంట్ కమాండ్‌కి బైండ్ ఆప్షన్ ఇచ్చి, రూట్ స్లాష్‌ని /ఎంఎన్‌టీ మీద పెట్టండి. ఇప్పుడు /ఎంఎన్‌టీ/హోమ్‌లో చూస్తే దుప్పటి కింది మంచం కనిపిస్తుంది, /హోమ్‌లో పైది. రెండూ ఒకేసారి.

ముందు డెస్క్‌టాప్‌లోంచి లాగౌట్ అవ్వండి. ఎస్‌ఎస్‌హెచ్‌లోంచి మాత్రమే చెయ్యండి, ఫైర్‌ఫాక్స్ నడుస్తుండగా దాని ప్రొఫైల్ కాపీ చెయ్యకూడదు. కింది హోమ్‌లో మీ ఫోల్డర్ పేరు చివర "పాతది" అని చేర్చి పక్కన పెట్టండి. ఆర్‌సింక్‌తో పైదాన్ని కిందకి తెండి, యజమానులూ పర్మిషన్లూ అలాగే ఉండేలా. /హోమ్ తర్వాత చివరి స్లాష్ మర్చిపోకండి, మర్చిపోతే హోమ్‌లో ఇంకో హోమ్ తయారవుతుంది. ఎఫ్‌స్టాబ్‌లో ఆ లైను ముందు హాష్ పెట్టి రీబూట్.

చెక్కపెంగ్విన్ (#34)
హోమ్‌లో హోమ్ అంటే మూడో ఇల్లు. వద్దు తల్లీ, స్లాష్ పెట్టు.

కొబ్బరాకు (#35)
అయింది. స్లాష్ పెట్టాను, రెండుసార్లు చూసుకుని మరీ. ఫాంటు, లాగిన్లు, బుక్‌మార్కులు వచ్చాయి. కొబ్బరితోటే ఉంచాను. ఒక్కటి మిగిలింది. తెలుగు కీబోర్డు ఇప్పటికీ పోతోంది, అదీ రీబూట్ అక్కర్లేకుండానే. ఒకసారి కనెక్షన్ తెగి మళ్లీ కలిస్తే చాలు. సెట్‌ఎక్స్‌కేబీమ్యాప్ కమాండ్‌తో ఇన్‌స్క్రిప్ట్ లేఔట్ పెట్టుకుంటున్నాను.

రూట్‌మహారాజు (#36)
అది వేరే జబ్బు, దీంట్లో కలిసిపోయింది. సెట్‌ఎక్స్‌కేబీమ్యాప్ ఆ సెషన్ వరకే. పైగా మీరు కనెక్ట్ అయిన ప్రతిసారీ మీ ల్యాప్‌టాప్ తన కీబోర్డు ఏదో ఎక్స్‌ఆర్‌డీపీకి చెబుతుంది, అది దాన్నే పెట్టేస్తుంది. లేఔట్‌తో కుస్తీ పట్టకండి. ఐబస్ (వేరే భాషలు టైప్ చేయించే ప్రోగ్రాం), దాని ఎం17ఎన్ ప్యాకేజీ వెయ్యండి, అందులో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ ఉంది. ఐబస్ డీమన్‌ని సెషన్ మొదట్లో లేచేలా పెట్టి, జీటీకే, క్యూటీ ప్రోగ్రాంలకి ఐబస్ వాడమని చెప్పే వేరియబుల్స్‌ని హోమ్‌లోని డాట్ ఎక్స్‌సెషన్‌ఆర్‌సీ ఫైల్‌లో రాయండి. డెబియన్‌లో ఎక్స్‌ఆర్‌డీపీ సెషన్ కూడా ఆ ఫైల్ చదువుతుంది.

టెర్మినల్‌తాత (#37)
ఐబస్ తన సెట్టింగ్స్ దాచుకునేది డీకాన్ఫ్‌లో. అంటే దానికి డీబస్ కావాలి. కాబట్టి #10లో నేను చెప్పింది మొత్తం వృథా పోలేదని రికార్డు చెయ్యండి.

చెక్కపెంగ్విన్ (#38)
రికార్డు చేశాం తాతా.

కొబ్బరాకు (#39)
నాలుగు రోజులైంది. నిన్న రాత్రి గాలివానకి కరెంటు రెండుసార్లు పోయి వచ్చింది. పొద్దున భయపడుతూ తెరిచాను. కొబ్బరితోట. ఫాంటు పెద్దదే. ఎస్‌ఎస్‌హెచ్ పాస్‌వర్డ్ అడగలేదు. ఇది ఐబస్‌లోనే టైప్ చేస్తున్నాను.

మానుకోట_మౌళి (#40)
మరి ఆ 2 టీబీ డిస్క్ ఏం చేసినవ్? రాత్రి బ్యాకప్‌కి పెట్టుకో, మంచిగుంటది.

కొబ్బరాకు (#41)
అదే అనుకుని నాన్నకి ఫోన్ చేశాను. "అదేంటో నల్ల డబ్బా, ఇప్పుడు పని లేదన్నావు కదా" అని అడాప్టర్ పీకేసి ఆ ప్లగ్గులో దోమల మిషన్ పెట్టుకున్నారట.

చెక్కపెంగ్విన్ (#42)
పూతరేకుల సంగతి ఎవరూ ఎత్తట్లేదు.